ల్యాబు నుంచి రోగి దాకా: వైద్య పరిశోధన భాగస్వామ్యాల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాబులో తేలిన విషయం రోగి మంచం దగ్గరికి చేరాలంటే యూనివర్సిటీ, ఆస్పత్రి, మందుల కంపెనీ, ప్రభుత్వం, రోగుల సంఘం ఇలా నలుగురైదుగురు చేతులు కలపాలి. ఆ కలయిక మీద వైద్య విద్యార్థులు, ఆస్పత్రి నడిపేవాళ్లు, రోగుల బంధువులు అడిగే సందేహాలు తిరిగి తిరిగి అవే వస్తుంటాయి. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ఒకచోట పెట్టాను. పని నడిచే దశల ప్రకారం విడదీశాను. దేనికది విడిగా అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## మొదలుపెట్టక ముందు

పరిశోధన మంచిదైతే దానంతట అదే వైద్యంలోకి వస్తుంది కదా, మధ్యలో ఇంతమంది ఎందుకు?

రాదు. పెన్సిలిన్ అంతటిదే రాలేదు. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో బూజు చుట్టూ బ్యాక్టీరియా చనిపోవడం గమనించి, మరుసటి ఏడాది పేపర్ రాశాడు. ఆ పదార్థాన్ని శుద్ధి చేయడం ఆయన వల్ల కాలేదు. దాదాపు పదేళ్లు పెద్దగా కదలిక లేదు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ పట్టుకుని దాన్ని మందు స్థాయికి తెచ్చారు. 1941లో ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకిన ఒక పోలీసు కానిస్టేబుల్‌కి ఎక్కించారు. జ్వరం తగ్గింది, తిండి తినగలిగాడు. ఇంతలో మందు నిండుకుంది. అతని మూత్రంలో పోయిన పెన్సిలిన్‌ని మళ్లీ వేరుచేసి ఎక్కించినా చాలలేదు. మనిషి దక్కలేదు.

మందు పనిచేస్తుందని తెలుసు, తయారు చేయడమే తెలియదు. ఆ ముడి విప్పింది అమెరికాలో పియోరియా ఊళ్లోని వ్యవసాయ ప్రయోగశాల. మొక్కజొన్న పిండి పరిశ్రమలో మిగిలిపోయే ద్రవంలో బూజు బాగా పెరుగుతుందని అక్కడివాళ్లు కనిపెట్టారు. ఫైజర్, మెర్క్, స్క్విబ్ లాంటి కంపెనీలు పెద్ద ట్యాంకుల్లో పెంచడం నేర్చాయి, కొనే పూచీ ప్రభుత్వం తీసుకుంది. 1944లో నార్మండీ తీరంలో దిగిన సైన్యానికి సరిపడా మందు సిద్ధమైంది. నోబెల్ ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్ ముగ్గురికి వచ్చింది. పియోరియా పేరు ఎంతమందికి తెలుసు?

పరిశోధన రోగి దాకా రావడానికి 17 ఏళ్లు పడుతుందంటారు, నిజమేనా?

ఆ అంకె 2000లో వచ్చిన ఒక లెక్క నుంచి పాకింది. తర్వాత 2011లో ఇలాంటి లెక్కలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు కూడా సుమారుగా ఆ అంకె దగ్గరికే వచ్చారు. కానీ గడియారం ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా తీసుకున్నారని కూడా చెప్పారు. కాబట్టి 17ని రాతిమీద గీత అనుకోనక్కర్లేదు.

అటు చివర చూస్తే, నిమ్మజాతి పళ్లు స్కర్వీని (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) తగ్గిస్తాయని ఓడ డాక్టర్ జేమ్స్ లిండ్ 1747లో ఓడలో పరీక్షించి చూశాడు. బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని మామూలు రేషన్‌లో చేర్చింది 1795లో. ఇటు చివర, కోవిడ్‌లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు ప్రాణాలు నిలుపుతుందని 2020 జూన్ 16న ప్రకటిస్తే, బ్రిటన్‌లో అదే రోజు వాడకానికి అనుమతి వచ్చింది. ట్రయల్ (రోగుల మీద చికిత్సని పరీక్షించే అధ్యయనం) నడిపినవాళ్లు, ఆస్పత్రులు, ప్రభుత్వం మొదటి నుంచీ ఒకే పనిలో ఉన్నారు. మందు కూడా పాతదే, చవకదే.

ఏ సమస్య మీద పరిశోధన చేయాలో ఎవరు తేలుస్తారు?

చాలాచోట్ల నిధులిచ్చేవాళ్లు, పరిశోధకులు. రోగిని అడగడం అరుదు. మోకాలి కీళ్ల అరుగుదల మీద 2000లో ఒక పరిశీలన వచ్చింది. అచ్చయిన పరిశోధనల్లో ఎక్కువ భాగం మందుల మీదే ఉంది. రోగులేమో కీలు మార్పిడి ఆపరేషన్ గురించి, జబ్బుతో రోజులు ఎలా గడపాలో నేర్పే శిక్షణ గురించి తెలుసుకోవాలనుకున్నారు. ఈ తేడా తగ్గించడానికే బ్రిటన్‌లో 2004లో జేమ్స్ లిండ్ అలయన్స్ ఏర్పడింది. ఒక్కో జబ్బుకి రోగులు, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లు, వైద్య సిబ్బంది ఒకే బల్ల చుట్టూ కూర్చుని, జవాబు దొరకని ప్రశ్నల్లో మొదటి పది ఏవో తేలుస్తారు. నిద్రపట్టకపోవడం, నీరసం, పనికి వెళ్లలేకపోవడం లాంటివి పైకి రావడం అక్కడే చూస్తాం.

డబ్బులేనివాళ్లకే వచ్చే జబ్బుల మీద ఏ కంపెనీ పనిచేస్తుంది?

ఒంటరిగా అయితే ఏదీ చేయదు. నిద్రజబ్బునే తీసుకోండి. ఆఫ్రికాలో సీసీ ఈగ కుట్టడం వల్ల వస్తుంది, ముదిరితే మెదడుకి పాకుతుంది. ముదిరిన దశకి ఏళ్ల తరబడి వాడింది ఆర్సెనిక్ నుంచి తయారైన మెలార్సోప్రాల్. ఎక్కించిన ప్రతి ఇరవైమందిలో సుమారు ఒకరిని ఆ మందే చంపేది.

2003లో సరిహద్దుల్లేని డాక్టర్ల సంస్థ, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్, భారత్, బ్రెజిల్, కెన్యా, మలేషియా దేశాల ప్రభుత్వ సంస్థలు కలిసి డీఎన్‌డీఐ అనే లాభాపేక్ష లేని సంస్థను పెట్టాయి. కంపెనీలు పక్కన పడేసిన రసాయనాల జాబితాలు వెతికి, అందులో ఫెక్సినిడజోల్‌ అనే మందుని బయటికి తీశారు. తయారీ సనోఫీ కంపెనీ చూసుకుంది. ట్రయల్స్ జబ్బు ఉన్న కాంగో, మధ్య ఆఫ్రికా ప్రాంతాల్లోనే నడిపారు. 2018లో యూరప్ మందుల సంస్థ సానుకూల అభిప్రాయం ఇచ్చింది. పదిరోజులు మింగే మాత్రలు, అంతే. సూదులు, సెలైన్లు మోసుకుని అడవుల్లోకి వెళ్లే బాధ చాలామంది రోగుల విషయంలో తప్పింది.

అమ్మడానికి వస్తువే లేని చికిత్స అయితే భాగస్వామి ఎక్కడ దొరుకుతాడు?

ఇది నిజంగా కష్టమైన ప్రశ్న. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా ఉంచే కంగారూ పద్ధతిని 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టాడు. పుట్టగానే, బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా మొదలుపెడితే ఏమవుతుందన్న పెద్ద ట్రయల్ ఫలితం 2021లో గానీ రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన ఆ ట్రయల్‌లో ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియా ఆస్పత్రులు పాల్గొన్నాయి. నెలలోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. లాభం ఇంత స్పష్టంగా ఉండేసరికి ట్రయల్‌ని ముందే ఆపేశారు. ఇలాంటి పనికి ప్రజల డబ్బు, దాతల డబ్బు తప్ప వేరే దారి లేదు. నిధులిచ్చేవాళ్లు కొత్త మందుల మీద చూపే ఉత్సాహంలో పదో వంతు వీటి మీద చూపినా ఎంతో మేలని నా అభిప్రాయం.

## జట్టు కట్టేటప్పుడు

ఒప్పందంలో ముందుగా ఏం రాసుకోవాలి?

మంచిగా ఉన్న రోజుల్లో అడగడానికి మొహమాటపడే విషయాలన్నీ. డేటా ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరు చూడొచ్చు? ఫలితం చేదుగా వచ్చినా అచ్చు వేసే హక్కు పరిశోధకులకి ఉందా, లేక కంపెనీ ఆపగలదా? ఎవరు ముందే తెచ్చుకున్న జ్ఞానం ఎవరిది, కలిసి కనుక్కున్నది ఎవరిది? మందు పనిచేస్తే ట్రయల్ జరిగిన చోట జనానికి ఏ ధరకి, ఎప్పటిలోగా అందుతుంది? ఒకరు మధ్యలో తప్పుకుంటే చేరిన రోగుల బాధ్యత ఎవరిది?

ఎంఓయూ (అవగాహన ఒప్పందం) మీద సంతకాలు, శాలువాలు, ఫొటోలు అయిపోయాక ఈ ప్రశ్నలు లేవదీస్తే అవతలివాళ్లకి జవాబు చెప్పాల్సిన అవసరం ఉండదు. లాయర్ కంటే ముందు, ట్రయల్ రోజువారీ నడిపే కోఆర్డినేటర్‌నీ నర్సునీ ఆ ముసాయిదా చదవమనండి. ఎక్కడ ఇరుక్కుంటుందో వాళ్లకే తెలుస్తుంది.

యూనివర్సిటీలో కనిపెట్టినదానికి పేటెంటు ఎవరిది?

దేశాన్ని బట్టి, ఉద్యోగ ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 1980లో వచ్చిన బే-డోల్ చట్టం, ప్రభుత్వ నిధులతో చేసిన ఆవిష్కరణల మీద హక్కును యూనివర్సిటీలే ఉంచుకోవచ్చంది. చాలా దేశాలు అదే బాట పట్టాయి. యూనివర్సిటీ ఆ హక్కును కంపెనీకి లైసెన్సుగా ఇచ్చి రాయల్టీ, అంటే అమ్మకాల్లో వాటా, తీసుకుంటుంది. చూడాల్సింది లైసెన్సు ఒక్కరికేనా, పలువురికా అన్నది. ఒక్కరికే ఇస్తే, ఇన్నేళ్లలో పని ముందుకి సాగకపోతే హక్కు వెనక్కి వస్తుందన్న షరతు ఉండి తీరాలి. లేకపోతే మంచి ఆవిష్కరణ బీరువాలో పడి ఉంటుంది.

ప్రజల డబ్బుతోనో విరాళాలతోనో మొదలైన మందు అంత ఖరీదు ఎందుకవుతుంది?

ధర సంగతి చివర్లో మాట్లాడటం వల్ల. రెండు నిజమైన ఉదాహరణలు చూడండి.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బుకి కారణమైన జన్యువు 1989లో దొరికింది. అమెరికాలో రోగుల కుటుంబాలు నడిపే ఫౌండేషన్, విరాళాల డబ్బుని నేరుగా ఒక బయోటెక్ కంపెనీకి ఇచ్చి మందు వెతకమంది. ఆ కంపెనీని తర్వాత వెర్టెక్స్ కొనుక్కుంది. 2012లో మొదటి మందు కాలిడెకో వచ్చింది. శాస్త్రపరంగా గొప్ప విజయం, ఊపిరి కోసం అల్లాడినవాళ్ల బతుకులు మారాయి. ధర మాత్రం మనిషికి ఏడాదికి దాదాపు 3 లక్షల డాలర్లు. 2014లో ఫౌండేషన్ తన రాయల్టీ హక్కుని 330 కోట్ల డాలర్లకి అమ్మింది. ఆ డబ్బు మళ్లీ పరిశోధనకే వెళ్తుందన్నది వాళ్ల సమాధానం. మందు కొనలేని దేశాల్లోని తల్లిదండ్రులకి అది సమాధానం కాదు.

రెండోది మెదడు పొరలు వాచే మెనింజైటిస్ జబ్బుకి ఆఫ్రికా కోసం చేసిన వ్యాక్సిన్. 1996-97లో అక్కడ వచ్చిన మహమ్మారిలో రెండున్నర లక్షల మంది జబ్బుపడ్డారు, 25 వేల మంది చనిపోయారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పాథ్ అనే సంస్థ కలిసి పని మొదలుపెట్టినప్పుడు ఆఫ్రికా ఆరోగ్యాధికారులు ముందే తేల్చి చెప్పారు: డోసు అర డాలరు దాటితే కొనలేం. ఆ ధరకి తగ్గట్టు జట్టు కట్టారు. కీలకమైన సాంకేతిక పద్ధతి అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలది, ముడిపదార్థం మొదట నెదర్లాండ్స్ కంపెనీది, తయారీ సీరం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాది. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో మొదలైన ఈ వ్యాక్సిన్‌ని, మెన్‌ఆఫ్రివాక్‌ని, తర్వాతి ఏళ్లలో 30 కోట్ల మందికి పైగా వేశారు. ఆ వ్యాక్సిన్ అడ్డుకునే ఎ-రకం మెనింజైటిస్ అక్కడ దాదాపు కనుమరుగైంది.

కంపెనీయే డబ్బు పెడితే ఫలితం వాళ్లకి అనుకూలంగానే వస్తుంది కదా?

అనుమానం న్యాయమైనదే. కంపెనీ నిధులతో జరిగిన అధ్యయనాల్లో తీర్మానాలు వాళ్లకి అనుకూలంగా ఉండే అవకాశం ఎక్కువని 2017లో తాజా చేసిన కాక్రేన్ సమీక్ష (అధ్యయనాలన్నిటినీ కలిపి చూసే స్వతంత్ర సంస్థ సమీక్ష) కూడా తేల్చింది. అంకెలు మార్చేస్తారని కాదు. ఏ మందుతో పోల్చాలి, ఏది కొలవాలి, ఏ ఫలితాన్ని ముందు పెట్టాలి అన్న ఎంపికల్లోనే మొగ్గు దాగి ఉంటుంది.

విరుగుడు ఉంది. ట్రయల్‌ని ముందే బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. పెద్ద వైద్య పత్రికలు 2005 నుంచి నమోదు కాని ట్రయల్స్‌ని అచ్చు వేయబోమంటున్నాయి. మధ్యలో డేటా చూసే కమిటీలో కంపెనీ మనుషులు ఉండకూడదు. విశ్లేషణ ఎలా చేస్తారో డేటా తెరవక ముందే రాసి పెట్టాలి. నమోదులో చెప్పిన ముఖ్య ఫలితం, పేపర్లో చెప్పిన ముఖ్య ఫలితం ఒకటేనా అని మీరే సరిచూడొచ్చు. అయిదు నిమిషాల పని. రెండూ వేరైతే మిగతా పేపర్‌ని అనుమానంతోనే చదవండి.

మాది చిన్న ఆస్పత్రి, పరిశోధన విభాగం లేదు. మేమూ చేరొచ్చా?

చేరొచ్చు. కోవిడ్ చికిత్సల మీద బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో పేరున్న బోధనాసుపత్రులతో పాటు మామూలు జిల్లా స్థాయి ఆస్పత్రులూ వందకి పైగా చేరాయి. ఫారాలు చిన్నవిగా, ప్రశ్నలు తక్కువగా పెట్టడం వల్లే వార్డులో ఊపిరి సలపని డాక్టర్లు కూడా రోగుల్ని చేర్చగలిగారు. పాతిక పేజీల ఫారం ఇచ్చి చేరమనేవాళ్లని మాత్రం, దాన్ని నింపే మనిషి జీతం ఎవరిస్తారో ముందు అడగండి.

రోగుల సంఘాలకి ఇందులో నిజంగా ఏం పని ఉంటుంది? ఊరికే కూర్చోబెడతారా?

చాలాచోట్ల ఊరికే కూర్చోబెడతారు, ఆ మాట ఒప్పుకోవాలి. అన్నీ నిర్ణయమయ్యాక ఒక రోగిని పిలిచి కరపత్రంలో భాష బాగుందా అని అడగడం భాగస్వామ్యం కాదు.

నిజమైన పని ఎలా ఉంటుందో ఎయిడ్స్ రోగులు చూపించారు. 1988లో యాక్ట్ అప్ ఉద్యమకారులు అమెరికా ఎఫ్‌డీఏ కార్యాలయాన్ని ముట్టడించారు. అరిచి ఊరుకోలేదు. వైరాలజీ (వైరస్‌ల శాస్త్రం), గణాంకాలు కూర్చుని నేర్చుకున్నారు. వేరే మందులు వాడుతున్నవాళ్లని, మహిళల్ని ట్రయల్స్ నుంచి ఎందుకు తప్పిస్తున్నారని శాస్త్రవేత్తల్ని నిలదీశారు. మొదట చిరాకుపడ్డ శాస్త్రవేత్తలే తర్వాత వాళ్లని కమిటీల్లోకి తీసుకున్నారు. ట్రయల్‌లో చేరలేనివాళ్లకి కూడా పరీక్ష దశలోని మందు అందే మార్గం ఆ ఒత్తిడి వల్లే వచ్చింది.

## ట్రయల్ జరుగుతున్నప్పుడు

ట్రయల్‌లో చేరితే నాకు కొత్త వైద్యం దొరికి మేలు జరుగుతుందా?

జరగొచ్చు, జరగకపోవచ్చు. ఏది మేలో తెలియదు కాబట్టే ట్రయల్. మీకు ఏ మందు ఇవ్వాలో మీ డాక్టర్ ఎంచుకోడు, కంప్యూటర్ చీటీ తీస్తుంది. మొదటి దశ ట్రయల్స్‌లోకి వెళ్లిన మందుల్లో చివరికి అనుమతి దాకా వచ్చేవి సుమారు పదింట ఒకటి. ట్రయల్ అసలు ఉద్దేశం రేపటి రోగులకి జవాబు సంపాదించడం. ఈ సంగతి సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాక కూడా చాలామంది మనసుకి ఎక్కదు. డాక్టర్ ఏదైనా నా మేలుకే చేస్తాడన్న నమ్మకం అంత గట్టిది. ట్రయల్స్‌లో పరీక్షలు, చూసుకోవడం సాధారణంగా శ్రద్ధగా ఉంటాయి. చేరాలనుకుంటే దానికీ, జవాబు వెతకడంలో పాలుపంచుకోవడానికీ చేరండి.

నాకు ఉత్తుత్తి మందు ఇస్తే జబ్బు ముదిరిపోదా?

ఆ జబ్బుకి ఇప్పటికే పనిచేసే చికిత్స ఉంటే, కొత్తదాన్ని దానితోనే పోల్చాలని వైద్య పరిశోధన నీతి మీద వచ్చిన హెల్సింకి ప్రకటన చెబుతుంది. ఉత్తుత్తి మందుని, అంటే ప్లాసిబోని, ఎక్కువగా మామూలు చికిత్సకి అదనంగా ఇస్తారు. అనుమానం ఉంటే "ప్లాసిబో వచ్చినవాళ్లకి ఇంకేం ఇస్తారు?" అని అడగండి. సూటిగా చెప్పకపోతే సంతకం పెట్టొద్దు.

మధ్యలో మానేయొచ్చా?

ఎప్పుడైనా, కారణం చెప్పకుండా. మీ మామూలు వైద్యం ఆగకూడదు. అప్పటిదాకా సేకరించిన డేటా ఏం చేస్తారో సమ్మతి పత్రంలో ఉంటుంది, ఆ పేరా మాత్రం చదవండి.

నా రక్తం, తీసిన గడ్డ ముక్క తర్వాత ఎవరి సొత్తు?

సంతకం పెట్టేముందు అడగాల్సిన ప్రశ్న. 1951లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చేరిన హెన్రియెట్టా లాక్స్ కణాల్ని ఆమెని అడగకుండానే పరిశోధనకి వాడారు. ఆమె అదే ఏడాది చనిపోయింది. హీలా అనే పేరుతో ఆ కణాలు ప్రపంచమంతా ల్యాబుల్లో పెరిగాయి, పోలియో వ్యాక్సిన్ పరీక్షల్లో కూడా పనికొచ్చాయి. కుటుంబానికి ఆ సంగతి 1970ల దాకా తెలియదు. 2023లో ఆ కణాలతో వ్యాపారం చేసిన ఒక కంపెనీతో వారసులకి రాజీ కుదిరింది.

ఇప్పుడు సమ్మతి పత్రాల్లో నమూనా ఎన్నాళ్లు దాస్తారు, వేరే పరిశోధనలకి వాడతారా, విదేశాలకి పంపుతారా, వ్యాపారానికి వాడితే మీకు వాటా ఉంటుందా అన్నవి విడివిడిగా ఉండాలి. వాటా ఎక్కువగా ఉండదు. ఆ మాటైనా తెలిసి సంతకం పెట్టాలి. ఒక్కోదానికి వేరువేరుగా అవును, కాదు అనే వీలు ఇచ్చే పత్రం మంచిది.

ట్రయల్ ఫెయిలైతే పెట్టిన డబ్బంతా వృథాయేనా?

కాదు, అచ్చు వేయకపోతేనే వృథా. కోవిడ్ మొదటి నెలల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్‌ని ప్రపంచమంతా గుడ్డిగా వాడింది. ఆస్పత్రిలో చేరినవాళ్లకి అది ఉపయోగపడదని 2020 జూన్‌లో రికవరీ ట్రయల్ తేల్చింది. ఆ జవాబు ఎన్ని లక్షల మందిని పనికిరాని చికిత్స నుంచి తప్పించిందో ఆలోచించండి. ఫెయిలైన ట్రయల్‌ని సొరుగులో దాచేస్తే, ఇంకెక్కడో ఇంకొకరు అదే మందుని మరికొంతమంది మీద మళ్లీ మొదటి నుంచి పరీక్షిస్తారు.

## ఫలితం వచ్చాక

పేపర్ అచ్చయింది కదా, ఇక డాక్టర్లు వాడటం మొదలుపెడతారు కదా?

అక్కడే భాగస్వామ్యాలు ఎక్కువగా చేతులు దులుపుకుంటాయి. నెలలు నిండకుండా కాన్పు వచ్చేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదుగుతాయని న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ 1972లోనే చూపించారు. తర్వాత మరెన్నో ట్రయల్స్ అదే చెప్పాయి. అయినా 1990ల మొదట్లో అమెరికాలో అర్హులైన తల్లుల్లో ఐదో వంతుకి కూడా ఆ ఇంజెక్షన్ అందలేదు. విడివిడి ట్రయల్స్ చిన్నవి, ఒక్కొక్కటి చూస్తే నమ్మకం కుదరలేదు. అన్నిటినీ కలిపి లెక్కగట్టిన సమీక్షలు వచ్చాక, 1994లో నిపుణుల సదస్సు గట్టిగా సిఫారసు చేశాక గానీ వాడకం ఊపందుకోలేదు. ఆ మధ్య ఏళ్లలో పోయిన బిడ్డల సంగతి ఏ పేపర్లోనూ ఉండదు.

అందుకని జట్టు కట్టేటప్పుడే మార్గదర్శకాలు రాసేవాళ్లని, సిబ్బందికి శిక్షణ ఇచ్చేవాళ్లని, మందులు కొనే విభాగాన్ని చేర్చుకోవాలి. పేపర్ తర్వాతి పనికి బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు లేకపోతే, ఆ పని ఎవరిదీ కాదని అర్థం.

ఒక దేశంలో పనిచేసిన చికిత్స ఇంకో దేశంలో అలాగే పనిచేస్తుందా?

మందు పనిచేస్తుంది, వ్యవస్థ పనిచేయకపోవచ్చు. నెలలు నిండని కాన్పులకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ సంపన్న దేశాల్లో ఎన్నో బిడ్డల్ని కాపాడింది. దాన్ని ఆరు దేశాల్లో పల్లె స్థాయి దాకా తీసుకెళ్లిన ట్రయల్ ఫలితాలు 2015లో వస్తే అందరూ నిర్ఘాంతపోయారు. మొత్తం మీద శిశు మరణాలు పెరిగాయి. గర్భం ఎన్ని వారాలో కచ్చితంగా తెలియని చోట, నెలలు నిండిన తల్లులకి కూడా ఇంజెక్షన్ పడింది. పుట్టిన బిడ్డను చూసుకునే సదుపాయం అంతంతమాత్రం.

అక్కడితో వదిలేయకుండా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో ట్రయల్ చేసింది. బంగ్లాదేశ్, భారత్, కెన్యా, నైజీరియా, పాకిస్తాన్‌లలో స్కానింగ్‌తో వారాలు తేల్చుకుని, బిడ్డల సంరక్షణ బాగున్న ఆస్పత్రుల్లోనే ఇచ్చారు. 2020లో ఫలితం వచ్చింది: శిశు మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. ఇంజెక్షన్ మారలేదు. చుట్టూ ఉన్న ఏర్పాట్లు మారాయి.

చెక్‌లిస్టు లాంటి చిన్న కాగితానికి కూడా ఇంత పరిశోధన, ఇన్ని సంస్థలు కావాలా?

కాగితం సులువు, అలవాటు కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ చెక్‌లిస్టుని (ఆపరేషన్ వేళ సరిచూసుకోవాల్సినవాటి జాబితా) ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో పరీక్షించి 2009లో ఫలితం ప్రకటించింది. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి దిగాయి. తర్వాత కెనడాలోని ఒంటారియోలో 101 ఆస్పత్రులు దాన్ని అమల్లోకి తెచ్చాయి. 2014 అధ్యయనంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైనుంచి ఉత్తర్వు వస్తే గడులు టిక్కులతో నిండుతాయి. ఆపరేషన్ థియేటర్లో మాట్లాడుకోవడం మారుతుందన్న పూచీ లేదు.

మిషిగన్ రాష్ట్రంలో వందకి పైగా ఐసీయూలు చేసింది వేరు. మెడ దగ్గర పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టాల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు తగ్గించడానికి ఐదే ఐదు జాగ్రత్తలు ఎంచుకున్నారు. డాక్టర్ ఒకటి మరిచిపోతే ఆపమని చెప్పే అధికారం నర్సుకి ఇచ్చారు. ప్రతి యూనిట్‌కీ దాని ఇన్ఫెక్షన్ల లెక్కని తిరిగి చూపించారు. ఏడాదిన్నరలో ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి. నర్సు మాటకి వెనక నిలబడే పెద్ద డాక్టర్ లేని చోట ఈ పద్ధతి తలపెట్టకపోవడమే మంచిది.

ఓఆర్‌ఎస్ అంత త్వరగా ఇంటింటికీ ఎలా చేరింది?

త్వరగా ఏమీ చేరలేదు, చాలా చెమట ఓడ్చాక చేరింది. ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగిస్తే కలరా రోగులు కోలుకుంటారని ఢాకా, కలకత్తా పరిశోధకులు 1960ల చివర్లో తేల్చారు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు పొట్లాలు కట్టించి, తాగించే పని రోగుల బంధువులకే అప్పగించారు. అక్కడ 30 శాతం దగ్గరున్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి.

ఆ తర్వాతి పని బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థది. 1980 నుంచి పదేళ్లపాటు మహిళా కార్యకర్తలు కోటీ ఇరవై లక్షలకి పైగా ఇళ్లకి వెళ్లి, చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం ఎంత నీళ్లలో కలపాలో తల్లుల చేత చేయించి చూపించారు. కొంతకాలం తర్వాత వేరేవాళ్లు వచ్చి తల్లికి ఎంత గుర్తుందో అడిగేవాళ్లు. దాన్ని బట్టే కార్యకర్తకి డబ్బు. ఎన్ని ఇళ్లు తిరిగారన్నదానికి కాదు. నాకు తెలిసిన ఆరోగ్య కార్యక్రమాల్లో ఇంత తెలివైన జీతపు పద్ధతి ఇంకోటి లేదు.

## వాడుకలోకి వచ్చాక

అనుమతి వచ్చిందంటే ఇక భయం లేనట్టేనా?

ట్రయల్‌లో కొన్ని వేల మందే ఉంటారు, పదివేలలో ఒకరికి వచ్చే దుష్ప్రభావం అందులో కనబడకపోవచ్చు. అమెరికాలో 1998లో అనుమతి పొందిన రోటాషీల్డ్ వ్యాక్సిన్ (పిల్లలకి విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కి) వల్ల కొద్దిమంది పిల్లలకి పేగు ఒకదానిలోకి ఒకటి దూరి అడ్డుపడుతోందని, డాక్టర్లు పంపిన నివేదికల నుంచే ఏడాదిలోపు పసిగట్టారు. సుమారు పదివేల మందిలో ఒకరికి. 1999లో దాన్ని ఉపసంహరించారు. తర్వాత వచ్చిన రెండు రోటావైరస్ వ్యాక్సిన్లను ఒక్కోదాన్ని 60 వేల మందికి పైగా పసిపిల్లల మీద పరీక్షించాకే అనుమతించారు. మీకో, మీవాళ్లకో కొత్త మందుతో ఏదైనా తేడా చేస్తే డాక్టర్‌కి చెప్పి ఊరుకోకుండా, నివేదిక పంపారా అని అడగండి.

నిధుల గడువు అయిపోతే ఆస్పత్రిలో మొదలుపెట్టినది ఏమవుతుంది?

ఎక్కువసార్లు ఆగిపోతుంది. ప్రాజెక్టు డబ్బుతో పెట్టుకున్న నర్సు వెళ్లిపోతుంది, యంత్రం మూల చేరుతుంది. నిలబడినవాటిని చూస్తే, మొదటి ఏడాది నుంచే జీతాల్లో కొంత వాటా ఆస్పత్రే భరించి ఉంటుంది, పని మామూలు ఉద్యోగుల విధుల్లో కలిసిపోయి ఉంటుంది.

ఒక భాగస్వామ్యం నిజంగా పనిచేస్తోందా లేదా ఎలా తెలుసుకోవాలి?

వార్షిక నివేదికలో పేపర్లు, పేటెంట్లు, సదస్సుల లెక్క ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి వేరే ప్రశ్నలు అడగండి. గత అయిదేళ్లలో మీ పరిశోధన వల్ల వార్డులో మానేసిన పద్ధతి ఏదైనా ఉందా? కొత్తగా మొదలైనది ఉంటే, అర్హులైన రోగుల్లో ఎంత శాతానికి అందుతోంది? పేదవాళ్లకీ, దూరం నుంచి వచ్చేవాళ్లకీ అదే శాతమా? నమోదు చేసిన ట్రయల్స్‌లో ఫలితాలు ప్రకటించనివి ఎన్ని? ఈ నాలుగింటికీ అంకెలతో జవాబు చెప్పగలిగే సంస్థ అరుదు. మొదటి ప్రశ్నకి చాలామంది తడుముకుంటారు, ఎందుకంటే మానేయించడానికి నిధులు ఇచ్చేవాళ్లు ఉండరు.

రోగిగా నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే ట్రయల్స్ వెతుకులాట వేదికలో చాలా దేశాల రిజిస్ట్రీలు ఒకేచోట దొరుకుతాయి, ఉచితం. జబ్బు పేరు, దేశం పేరు ఇచ్చి, రోగుల్ని చేర్చుకుంటున్నవాటిని మాత్రం చూడండి. నమోదు సంఖ్య రాసుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చేరడానికి డబ్బు కట్టమనేవాళ్లు, నమోదు సంఖ్య చెప్పలేనివాళ్లు, ఈరోజే నిర్ణయించుకోమని తొందరపెట్టేవాళ్లు ఎదురైతే అక్కడినుంచి లేచి వచ్చేయండి.